రచయితా, నటుడా? గొల్లపూడి లెక్క ఎందుకు తేలదు

విజయనగరంలో గొల్లపూడి మారుతీరావు పేరెత్తి చూడండి. యాభై దాటినవాళ్లు ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’లో సుబ్బారావు వేషం గురించి మొదలుపెడతారు. వాళ్లకంటే కాస్త చిన్నవాళ్లు ‘సంసారం ఒక చదరంగం’లో తండ్రి గురించి చెబుతారు. పుస్తకాలు చదివే ఇళ్లలో ‘సాయంకాలమైంది’ నవల మాట వస్తుంది. పరిషత్తు నాటకాలు, అంటే పోటీ నాటకాలు చూసినవాళ్లు ‘కళ్ళు’ గుర్తుచేస్తారు. ఆదివారం పేపర్ చదివేవాళ్లకు ఆయన కాలమిస్టు. ఆయన రాసిన సినిమా స్క్రిప్టుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నిజానికి ఆయన సినిమాల్లోకి వచ్చింది రచయితగానే, 1964లో. మొహానికి రంగు వేసుకుని కెమెరా ముందు నిలబడింది ఆ తర్వాత పద్దెనిమిదేళ్లకు.

ఇన్ని పనులు చేసిన మనిషిని ఎక్కడ పెట్టాలో తెలియక మనవాళ్లు ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అనేసి ఊరుకుంటారు. సన్మాన పత్రాలకు సరిపోయే ఆ మాట వల్ల మనకు తెలిసేదేమీ లేదు. నవల, నాటకం, రేడియో, సినిమా, పత్రిక ఆయన విషయంలో వేరువేరు వృత్తులు కావని నా అభిప్రాయం. మనుషులు ఎలా మాట్లాడతారో పట్టుకునే చెవి ఆయనకు ఉంది. ఆ ఒక్క పనితనానికి ఒక్కో కాలంలో ఒక్కో యజమాని జీతం ఇచ్చాడు. అలా చూస్తే ఎక్కడ ఎందుకు పేరొచ్చిందో, ఎక్కడ ఎందుకు రాలేదో చాలావరకు అర్థమవుతుంది.

మన ఊరివాడేనా?

ముందు ఊరి తగాదా తేల్చుకుందాం. ఆయన పుట్టింది 1939 ఏప్రిల్ 14న, విజయనగరంలో. అప్పటికి విజయనగరం జిల్లా లేదు, ఊరు విశాఖపట్నం జిల్లాలో భాగం. మన జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. చదువంతా విశాఖలోనే సాగింది. సీబీఎం హైస్కూలు, ఏవీఎన్ కాలేజీ, ఆ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో మేథమెటికల్ ఫిజిక్స్ ఆనర్స్. నాటకాల పిచ్చి పట్టింది కూడా అక్కడే. కాబట్టి విశాఖవాళ్లు ‘మావాడు’ అంటే మనం గొడవ పడటానికి పెద్దగా ఆధారం లేదు.

గురజాడ ఊళ్లో పుట్టాడు కాబట్టి మాటల మీద పట్టు దానంతటదే వచ్చిందని సభల్లో చెబుతుంటారు. ఆ ఊళ్లో పుట్టిన లక్షలమందికి రానిది ఆయనకే ఎందుకొచ్చిందో మాత్రం చెప్పరు. పుట్టుక వల్ల కాదు గానీ, ఒక వాతావరణం మాత్రం ఉంది. 1892లో జగన్నాథ విలాసినీ సభవాళ్లు విజయనగరంలో ‘కన్యాశుల్కం’ ఆడినప్పటి నుంచీ ఈ ప్రాంతంలో రాతకీ మాటకీ మధ్య దూరం తక్కువ. ఇక్కడివాళ్లు కథ చెబితే మనుషుల మాటల్లోంచే చెబుతారు. చాసో (చాగంటి సోమయాజులు) కథలు తీసుకున్నా, రావిశాస్త్రి (రాచకొండ విశ్వనాథశాస్త్రి) కథలు తీసుకున్నా సంగతి అదే.

సినిమాల్లోకి వెళ్లిన మనవాళ్లను చూసినా ఇదే కనిపిస్తుంది. గణేశ్ పాత్రో పార్వతీపురం వైపువాడు. ‘కొడుకు పుట్టాల’ నాటకంతో పేరు తెచ్చుకుని, ఆ తర్వాత ‘మరోచరిత్ర’, ‘ఆకలి రాజ్యం’, ‘రుద్రవీణ’లకు మాటలు రాశాడు. ‘పెళ్లిపుస్తకం’ కథ రాసిన రావి కొండలరావు శ్రీకాకుళంలో పెరిగిన మనిషి, ఆయనా రంగస్థలం నుంచి వచ్చినవాడే. గోదావరి వైపు నుంచి ముళ్లపూడి, యండమూరి లాంటివాళ్లు అచ్చులో పేరు తెచ్చుకుని సినిమాకి వెళ్లారు. మనవైపువాళ్లు స్టేజీ ఎక్కి, అక్కణ్ణుంచి వెళ్లారు. మూడు పేర్లతో సిద్ధాంతం కట్టకూడదని తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

(ముళ్లపూడి, గొల్లపూడి, యద్దనపూడి ఒకే కుటుంబం వాళ్లని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాదు. మొదటాయన వెంకటరమణ, ‘బుడుగు’ రాసినాయన. మూడో ఆవిడ నవలా రచయిత్రి సులోచనారాణి. రెండో ఆయన మన కథానాయకుడు. అయితే రెండో ఆయనా మూడో ఆవిడా ఒకసారి కలిసి పనిచేశారు. ఆ సంగతి కాసేపట్లో వస్తుంది.)

ఉద్యోగాలు

తొలి కథ ‘ఆశాజీవి’. 1954 డిసెంబరులో ప్రొద్దుటూరు నుంచి వచ్చే ‘రేనాడు’ పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆయనకి పదిహేనేళ్లు. డిగ్రీ అయ్యాక 1959లో ‘ఆంధ్రప్రభ’లో సబ్ ఎడిటర్‌గా చేరారు. చిత్తూరు ఎడిషన్‌లో పనిచేశారు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ‘వందేమాతరం’ నాటకం రాశారు. ఆ తర్వాత ఆకాశవాణి. హైదరాబాద్, విజయవాడ, ఒడిశాలోని సంబల్‌పూర్, మద్రాసు, కడప. ట్రాన్స్‌మిషన్ ఎగ్జిక్యూటివ్‌గా మొదలై అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టర్ దాకా వెళ్లి, దాదాపు ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత 1981లో రాజీనామా చేశారు.

వికీపీడియా ఈ వివరాలన్నీ ఇస్తుంది. అది చెప్పనిది ఒకటుంది. పేపర్‌లో సబ్ ఎడిటర్ పని అంటే ఎక్కువైన మాట కొట్టెయ్యడం. రేడియోలో పని అంటే కనపడనిదాన్ని మాటతో కనపడేలా చెయ్యడం. సినిమా మాటలు రాయబోయే మనిషికి ఇంతకన్నా మంచి శిక్షణ ఎవరూ ప్లాన్ చేసి ఇవ్వలేరు.

‘డాక్టర్ చక్రవర్తి’ ఎవరు రాశారు?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. తెలుగు సినిమా టైటిల్స్‌లో ‘రచయిత’ అనే మనిషి ఒకడుండడు, ముక్కలుగా ఉంటాడు. ‘కథ’ ఒకరిది. ఆ కథని సినిమాకి తగ్గట్టు మలిచే పని ఇంకొకరిది, ఇప్పుడు మనం స్క్రీన్‌ప్లే అంటున్నది అదే. ‘మాటలు’ మరొకరివి. ‘పాటలు’ సరే సరి, ఒక్కో పాటకి ఒక్కో కవి. చాలాసార్లు స్క్రీన్‌ప్లే పేరు వెళ్లి దర్శకుడి పేరు పక్కన చేరిపోతుంది. థియేటర్‌లో చప్పట్లు మాత్రం రెండు రకాలవాళ్లకే పడతాయి. డైలాగ్ పేలితే మాటల రచయితకి, పాట పండితే కవికి. సీన్ల వరుస ఎవరు పేర్చారో, ఏ విషయం ప్రేక్షకుడికి ముందు తెలియాలో హీరోకి ఎప్పుడు తెలియాలో ఎవరు నిర్ణయించారో జనానికి తెలిసే వీలే లేదు.

‘డాక్టర్ చక్రవర్తి’ దీనికి మంచి ఉదాహరణ. మూలం కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’. 1960ల మొదట్లో ఆంధ్రప్రభ వారపత్రిక నవలల పోటీలో బహుమతి కొట్టి, పాఠకుల్ని ఊపేసిన నవల. నిర్మాత అన్నపూర్ణా పిక్చర్స్ దుక్కిపాటి మధుసూదనరావు, కథ విషయంలో మహా పట్టింపు ఉన్న మనిషి. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. మాటలు ఆచార్య ఆత్రేయ. మరి పాతికేళ్ల గొల్లపూడికి ఇందులో ఏం పని? నవలని సినిమాగా మార్చే పని. అప్పట్లో ఆయన హైదరాబాద్ రేడియోలో ఉన్నారు. అక్కినేని నాగేశ్వరరావు మద్రాసు వదిలి హైదరాబాద్‌లోనే సినిమాలు చెయ్యాలని పట్టుబట్టిన కాలం అది. రేడియో కుర్రాడికీ పెద్ద బ్యానరుకీ ఒకే ఊళ్లో కలిసే అవకాశం దొరికింది.

సీరియల్ నవల చదివే పాఠకురాలికి వారం వారం ఒక మనసు లోపలికి వెళ్లే అలవాటు. నాయిక ఏమనుకుంది, అనుమానం ఎలా మొలిచింది, రాత్రి నిద్ర ఎందుకు పట్టలేదు, ఇవి పేజీలకి పేజీలు నడుస్తాయి. సినిమాలో ‘అనుకుంది’ అనే క్రియాపదం పనికిరాదు. అనుకున్నది పైకి కనపడాలి, లేదా ఎవరితోనైనా అనాలి, లేదా పాట కావాలి. చనిపోయిన చెల్లెల్ని స్నేహితుడి భార్యలో చూసుకునే డాక్టరు, ఆ అభిమానాన్ని అపార్థం చేసుకునే చుట్టుపక్కలవాళ్లు, ఇదీ కథ. సంఘర్షణ అంతా మనసుల్లోనే. దాన్ని రెండున్నర గంటల్లో సామాన్య ప్రేక్షకుడికి అర్థమయ్యేలా సీన్లుగా పేర్చడమే అక్కడి పని. ఆ పని బాగా జరిగితే ఎవరికీ కనపడదు. సరిగా జరక్కపోతే మాత్రం ‘నవల్లో ఉన్నంత బాగా లేదు’ అని అందరూ అంటారు.

సినిమా 1964లో వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం నంది అవార్డులు మొదలుపెట్టిన ఏడాది కూడా అదే. ఉత్తమ చిత్రంగా తొలి బంగారు నంది దీనికే వచ్చింది. ఆ సినిమా గురించి ఈ రోజు ఎవర్ని అడిగినా ముందు చెప్పేది శ్రీశ్రీ ‘మనసున మనసై’ గురించి. తర్వాత సావిత్రి, వీణ, ఆత్రేయ. గొల్లపూడి పేరు పదో స్థానంలో కూడా రాదు. దీన్ని అన్యాయం అనను. ఆ పని స్వభావమే అంత.

మన ఊరి అభిమానం వదులుకోలేక ఒక మాట. ఆ సినిమా సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు. పుట్టింది సాలూరు దగ్గర శివరామపురం. ‘నీవు లేక వీణ’ పాడిన పి.సుశీల విజయనగరం ఆడపడుచు. ‘మనసున మనసై’ పాడిన ఘంటసాల సంగీతం నేర్చుకున్నది మన మహారాజా వారి సంగీత కళాశాలలో. వీళ్లెవరూ విజయనగరం వాళ్లమని కలిసి పనిచెయ్యలేదు, అలా అనుకుని కూడా ఉండరు. నేనే వరుసలో పెట్టి మురిసిపోతున్నాను.

తర్వాతి అడుగులు

‘ఆత్మగౌరవం’తో కె.విశ్వనాథ్ దర్శకుడయ్యారు. దానికి కథ రాసింది గొల్లపూడి, యద్దనపూడి సులోచనారాణి కలిసి. ఇద్దరికీ ఉత్తమ కథా రచయితలుగా నంది వచ్చింది. రేడియో ఉద్యోగం చేసే నాటక రచయితా, వారపత్రికల్లో వెలిగిపోతున్న నవలా రచయిత్రీ ఒక కథకి కలిసి కూర్చోవడం ఆ కాలపు సంగతి చాలా చెబుతుంది. నిర్మాతలకి అప్పట్లో రెండు కావాలి. ఇంట్లో ఆడవాళ్లు థియేటర్‌కి వచ్చేలా చేసే కథ ఒకటి, థియేటర్‌లో కూర్చున్నాక నిలబెట్టే మాట ఒకటి. మొదటిది నవలల నుంచి వచ్చేది. ‘ప్రేమ్‌నగర్’ కౌసల్యాదేవిది, ‘మీనా’, ‘సెక్రటరీ’ సులోచనారాణివి. అన్నీ ముందే లక్షలమంది చదివేసిన కథలు. రెండోది నాటకాలవాళ్ల నుంచి వచ్చేది.

1980లు వచ్చేసరికి పరిస్థితి మారింది. యండమూరి వీరేంద్రనాథ్ లాంటి రచయిత నవల రాస్తున్నప్పుడే సినిమా కనపడేలా రాశాడు. ‘అభిలాష’ నవల 1983లో చిరంజీవి సినిమా అయ్యింది. ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ నవల ‘ఛాలెంజ్’ అయ్యింది. ఆ తర్వాత ఆయనే ‘స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్’కి దర్శకత్వం కూడా చేశారు. నవలాకారుడే బ్రాండ్ అయ్యాడు. పోస్టర్ మీద హీరో పేరు తర్వాత అంత బరువు ఆయన పేరుకి ఉండేది. గొల్లపూడి ఆ దారిలో లేరు. ఆయన సినిమా జీవితం సొంత నవలల మీద కట్టుకున్నది కాదు. ఇతరుల కథలకి రూపం ఇవ్వడం, దర్శకుల ఆలోచనలకి మాట ఇవ్వడం ఆయన పని. ‘చెల్లెలి కాపురం’, ‘శుభలేఖ’ లాంటి విశ్వనాథ్ సినిమాలకి మాటలు ఆయనవే.

‘శుభలేఖ’ ఇప్పుడు చూసినా గమనించండి. కట్నం మీద సినిమా. ఉపన్యాసాలు దంచడానికి బోలెడు అవకాశం ఉంది. పాత్రలు మాత్రం చాలాచోట్ల మామూలుగా, ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడతాయి. కోపం వచ్చిన చోట కూడా గొంతు పెంచకుండా వెటకారంతో పని కానిస్తాయి. మనవైపు పెళ్లిచూపులకి వెళ్లి వచ్చినవాళ్లకి ఆ వెటకారం బాగా తెలుసు.

చూపు లేనివాళ్ల నాటకం, రేడియో మనిషి

ఆయన రాసినవాటిల్లో నేను అన్నిటికన్నా పైన పెట్టేది ‘కళ్ళు’. నవలలు, కథలు, కాలమ్‌లు అన్నీ దాని తర్వాతే. ఈ నాటకం ఎన్ని పరిషత్తుల్లో ఆడారో లెక్కపెట్టడం కష్టం. ఉత్తరాంధ్రలో నాటక సమాజం పెట్టుకున్న ప్రతి కుర్రకారు బృందం ఏదో ఒక రోజు దీని మీద చెయ్యి వేసే ఉంటుంది.

కథ నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. కొంతమంది గుడ్డి బిచ్చగాళ్లు. అందరూ కలిసి బతుకుతుంటారు. ఆపరేషన్ చేయిస్తే చూపు వస్తుందని తెలుస్తుంది. అందరికీ చేయించే డబ్బు లేదు. కూడబెట్టిన డబ్బుతో తమలో ఒకడికి చేయిస్తారు, వాడి కళ్లతో అందరూ బతకొచ్చని ఆశ. చూపొచ్చినవాడు మారిపోతాడు. చూడగలగడం వాడికి పెత్తనం అవుతుంది. తోటివాళ్ల గుడ్డితనమే వాడి పెట్టుబడి అవుతుంది.

దీన్ని రాజకీయ కథగా చదవొచ్చు. అందరి డబ్బుతో పైకి వెళ్లి అందర్నీ మరిచిపోయే నాయకుడు మనకి కొత్తేమీ కాదు. చాలామంది అలాగే చదివారు, తప్పు లేదు. నాకు మాత్రం ఇంకొకటి కనిపిస్తుంది. దీన్ని రాసింది ఏళ్ల తరబడి రేడియో స్టేషన్‌లో కూర్చున్న మనిషి. రేడియో నాటకం వినే శ్రోతకి కళ్లతో పని లేదు. తలుపు చప్పుడు, అడుగుల చప్పుడు, గొంతులో మార్పు, వీటితోనే మనుషుల్ని గుర్తుపట్టాలి. ‘కళ్ళు’లో పాత్రలు లోకాన్ని తెలుసుకునే పద్ధతి కూడా సరిగ్గా అదే. స్టేజీ మీద ఈ నాటకం ఎందుకు అంత పట్టు పడుతుందంటే, ప్రేక్షకుడికి కనపడేది పాత్రలకి కనపడదు. వాడు మోసం చేస్తున్నాడని హాలంతా చూస్తుంటుంది, పక్కన కూర్చున్న తోటివాడికి మాత్రం తెలియదు. రేడియోలో నేర్చుకున్న పాఠాన్ని స్టేజీ మీద తలకిందులు చేసి వాడుకున్నారు.

1988లో కెమెరామన్ ఎం.వి.రఘు దర్శకుడిగా దీన్ని సినిమా తీశారు. శివాజీ రాజాకి పేరు తెచ్చిన సినిమా. విశాఖ వీధుల్లో తీశారు. సిరివెన్నెల సీతారామశాస్త్రి స్వయంగా రాసి పాడిన ‘తెల్లారింది లెగండో’ ఇందులోదే. అనకాపల్లి, విశాఖ, విజయనగరం మనిషి ‘లేవండి’ అనడు, ‘లెగండి’ అంటాడు. సినిమాలో ఆ మాట అలాగే ఉంచేశారు. గొల్లపూడి కథ తెరమీద పూర్తి బలంతో నిలబడింది ఇదొక్క చోటే అనిపిస్తుంది నాకు. ఆశ్చర్యం ఏమిటంటే ఇది డబ్బులు కురిపించే రకం సినిమా కాదు, చిన్న సినిమా.

నటుడు రచయితని మింగేశాడా

1982లో నిర్మాత కె.రాఘవ, కొత్త దర్శకుడు కోడి రామకృష్ణ కలిసి ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’లో ఆయనకి వేషం ఇచ్చారు. అప్పటికి నలభై రెండు దాటాయి, రేడియో ఉద్యోగం మానేసి ఏడాది కూడా నిండిందో లేదో. సినిమా హిట్టయ్యింది, ఆయన వేషం అంతకన్నా హిట్టయ్యింది. ఆ తర్వాత రెండు వందలకు పైగా సినిమాలు. ‘స్వాతిముత్యం’, చివరి రోజుల్లో ‘లీడర్’, ‘కంచె’.

ఇక్కడే చాలామంది ‘మంచి రచయితని సినిమా వేషాలు మింగేశాయి’ అంటారు. నేను ఒప్పుకోను. ఆయన చేసిన వేషాల్లో ప్రత్యేకత ఏమిటి? ఒడ్డూ పొడుగూ లేవు, భయపెట్టే కళ్లు లేవు. ఉన్నదల్లా మాట విరిచే పద్ధతి. వాక్యాన్ని ఎక్కడ ఆపాలి, ఏ అక్షరం మీద బరువెయ్యాలి, నవ్వుతూ విషం ఎలా కక్కాలి, ఇదంతా మాటలు రాసేవాడికి తెలిసిన విద్య. ఇన్నాళ్లూ ఇతరుల నోళ్లలో పెట్టిన మాటని ఇప్పుడు తన నోట్లో పెట్టుకున్నారు. మాటల రచయితగా దొరకని గుర్తింపు అదే పనికి నటుడిగా దొరికింది, డబ్బు కూడా.

‘సంసారం ఒక చదరంగం’ (1987) సంగతి చూడండి. ఏవీఎం వాళ్ల సినిమా, విసు తమిళ కథకి తెలుగు రూపం. ఎస్.పి.ముత్తురామన్ దర్శకుడు. ఇంటిపెద్ద అప్పలనర్సయ్య వేషం గొల్లపూడిది. అప్పలనర్సయ్య! మన విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి ఆ పేరు పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. మాటలు రాసింది గణేశ్ పాత్రో. అంటే అరవ దేశపు కథలో మన జిల్లా పేరు పెట్టుకున్న పాత్రకి పార్వతీపురం వైపు రచయిత మాటలు రాస్తే, విజయనగరంలో పుట్టిన రచయిత వాటిని పలికాడు. తనూ మాటల రచయితే అయ్యుండి ఇంకొకరి మాటని తన మాటలా చెప్పడానికి అహం అడ్డురాకుండా చూసుకోవాలి. కొడుకుతో తెగతెంపులు చేసుకుని ఇంట్లో గీత గీసే సీన్లు చూస్తే, ఆ అహం జాడ ఎక్కడా దొరకదు.

నవలలు

‘చీకట్లో చీలికలు’, ‘ఎర్రసీత’, ‘పిడికెడు ఆకాశం’, ‘సాయంకాలమైంది’ ఆయన నవలల్లో కొన్ని. అన్నిట్లో చివరిదాన్నే ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నారు. సంప్రదాయంలో పుట్టి పెరిగిన వైష్ణవ కుటుంబం, తరం మారేసరికి విదేశాలకి వెళ్లిపోయే పిల్లలు, ఊళ్లో మిగిలిపోయే పెద్దవాళ్లు. ఈ విషయం మీద ఇప్పుడు నెలకో కథ వస్తోంది. ఆయన రాసినప్పటికి ఇంత అరిగిపోలేదు. అయితే నవల నిలబడింది విషయం కొత్తదనం వల్ల కాదు. ఆచారం పాటించే మనిషిని వెటకారం చెయ్యకుండా, దేవుణ్ణి చెయ్యకుండా రాయగలిగారు. ఆ మనుషుల మాట తీరు, పలకరింపులు, మడీ ఆచారాల మధ్య దొర్లే చిన్న చిన్న హాస్యాలు, ఇవి బాగా తెలిసినవాడి చేతి రాత.

లోపం కూడా చెప్పాలి. నవలల్లో ఆయన కొన్నిచోట్ల పాత్రల్ని పక్కకి నెట్టి తనే మాట్లాడేస్తారు. స్టేజీ మీద, సినిమాలో ఆ అవకాశం లేదు. పాత్ర నోట్లోంచి రాని మాట అక్కడ చెల్లదు. నవల ఆ కట్టడి పెట్టదు కాబట్టి వ్యాఖ్యానం పేరా మీద పేరా పోతుంది. ఒక్కోసారి బాగుంటుంది, ఒక్కోసారి ‘సరే, అర్థమైంది, కథలోకి రండి’ అనాలనిపిస్తుంది. ఆ వ్యాఖ్యానానికి సరైన చోటు తర్వాత ‘జీవన కాలమ్’లో దొరికింది. ఏళ్ల తరబడి నడిచిన ఆ శీర్షికలో రాజకీయం, సినిమా, చావులు, పాత పరిచయాలు, ఇంగ్లీషు పుస్తకాలు, అన్నీ కలిపి దంచేవారు. ఆయన అభిప్రాయాలతో నాకు చాలాసార్లు పడేది కాదు. అయినా చివరి దాకా చదివించేసేవారు, అదే చికాకు. ‘కౌముది’ వెబ్ పత్రికలో ఆ కాలమ్‌లు ఆయన గొంతుతోనే వినొచ్చు. కళ్లతో చదివినప్పుడు మామూలుగా అనిపించిన వాక్యం ఆ గొంతులో విన్నాక వేరేగా ఉంటుంది.

‘ప్రేమపుస్తకం’

చిన్నకొడుకు శ్రీనివాస్ దర్శకుడిగా మొదలుపెట్టిన తొలి సినిమా ‘ప్రేమపుస్తకం’. షూటింగ్ రోజుల్లోనే, 1992 ఆగస్టు 12న, ప్రమాదంలో ఆ అబ్బాయి చనిపోయాడు. మిగిలిన సినిమాని తండ్రే దర్శకత్వం వహించి పూర్తిచేశారు. 1993లో విడుదలైంది. తమిళ నటుడు అజిత్ హీరోగా చేసిన తెలుగు సినిమా అదే. ఆ తర్వాత కొడుకు పేరు మీద కుటుంబం జాతీయ స్థాయిలో ఉత్తమ నూతన దర్శకుడి అవార్డు పెట్టింది. ఏటా ఆగస్టు 12న ఇచ్చేవారు. ‘తారే జమీన్ పర్’ తీసినందుకు ఆమిర్ ఖాన్ కూడా అందుకున్నారు. ఈ విషయం గురించి ‘అమ్మ కడుపు చల్లగా’ ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. దాని మీద నేను రాసేదేమీ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి

2019 డిసెంబరు 12న చెన్నైలో ఆయన చనిపోయాక చాలా పేపర్లు ‘నటుడు గొల్లపూడి ఇక లేరు’ అనే రాశాయి. కొన్ని ‘నటుడు, రచయిత’ అన్నాయి. అక్కడా నటుడే ముందు.

ఇప్పుడు ఆయన్ని చదవాలనుకునే కుర్రాళ్లు నన్నడిగితే, నవలతో మొదలుపెట్టొద్దంటాను. ముందు ‘కళ్ళు’ నాటకం చదవండి, చదివాక సినిమా చూడండి. యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఏది ఉంచారు, ఏది వదిలేశారు చూస్తే స్క్రీన్‌ప్లే అంటే ఏమిటో ఏ కోర్సూ లేకుండా తెలుస్తుంది. తర్వాత ‘డాక్టర్ చక్రవర్తి’, దొరికితే పక్కన ‘చక్రభ్రమణం’. ఈ రెండు జతలూ అయ్యాక ‘సాయంకాలమైంది’. ఆయన చేసిన ‘వందేళ్ల కథకు వందనాలు’ కూడా వదలొద్దు. 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ నుంచి లెక్కపెట్టి, వందేళ్ల తెలుగు కథని టీవీలో పరిచయం చేసిన కార్యక్రమం అది. ఇతరుల కథల గురించి మాట్లాడుతున్నప్పుడు ఆయన ఏ వాక్యం దగ్గర ఆగి మెచ్చుకుంటారో గమనించండి. చాలాసార్లు అది వర్ణన కాదు, ఏదో ఒక పాత్ర అన్న మాటే.

శ్రీకాకుళంలో కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) 1997లో మొదలుపెట్టిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం ఉంది కాబట్టి, పాత వారపత్రికల్లో వచ్చిన ఆయన కథలు వెతకాలనుకునేవాళ్లు హైదరాబాద్ దాకా వెళ్లక్కర్లేదు. ఎవరైనా పూనుకుని ఆయన కథలు ఏ ఏడాది ఏ పత్రికలో వచ్చాయో జాబితా రాస్తే, పక్క కాలమ్‌లో అదే ఏడాది ఆయన పనిచేసిన సినిమా పేరు కూడా రాయాలి. రేడియో ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్లు సినిమాకి రాస్తూ, మధ్యలో కథలు ఎప్పుడు రాశారో, ఏ ఏళ్లలో రాయలేకపోయారో అప్పుడు తెలుస్తుంది.